చుక్క కారని సాఫ్ట్‌వేరు

తిరుపతి మొత్తం మీద చుక్క కూడా కారని వస్తువు ఏదైనా ఉందంటే అది తాను రాసిన సాఫ్ట్‌వేరొక్కటేనని జయచంద్ర ప్రకటించాడు. ప్రకటిస్తూనే కుర్చీని రవ్వంత పక్కకు జరుపుకున్నాడు. నెత్తిన ఏసీ కారుతోంది.

"మున్సిపాలిటీ కొళాయి కారతాది. ఎక్స్‌ప్రెస్సు బస్సు పైకప్పు కారతాది. కొండ మింద లడ్డు గూడా ఎండలో పెడితే నెయ్యి కారతాది. నా సాఫ్ట్‌వేరు కారదక్కా. ఒక పేరు దాంట్లోకి పోయిందంటే ఇంగ యమధర్మరాజొచ్చి అడిగినా బయటికి రాదు."

జ్ఞానాంబ ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి ఏసీ కింద పెట్టింది. "యముడొస్తే నేను మాట్లాడుకుంటా గాని, ఇది నిండితే పారబొయ్యి. మరిచిపోతావు నువ్వు."

కొర్లగుంటలోని ఆ నెట్ సెంటర్ జ్ఞానాంబది. మొన్నమొన్నటిదాకా అది ఎస్టీడీ బూతు. సెల్‌ఫోన్లు వచ్చి బూతు బేరం పడిపోతే, ఆమె కంప్యూటర్లు కొని ప్లైవుడ్ అరలు కట్టించింది. గాజుగదినీ, అందులో ఫోన్నీ మాత్రం తీసెయ్యలేదు. జయచంద్ర ఎంసీఏ పూర్తిచేసినవాడు. బెంగుళూరులో ఒక కంపెనీ తనకోసం కుర్చీ తుడిచి పెట్టుకుని ఎదురుచూస్తోందని అందరికీ చెప్పేవాడు. ఆ కుర్చీ తడి ఆరేదాకా ఇక్కడ పనిచేస్తున్నాడు.

నెట్ సెంటర్‌కు వచ్చే ప్రతి మనిషి పేరూ ఊరూ రాయించాలని ఆ వేసవిలో పోలీసులు చెప్పిపోయారు. పుస్తకం పెడితే కుర్రాళ్ళు అందులో సినిమా హీరోల పేర్లు రాసిపోయారు. అప్పుడు జయచంద్ర ఈ సాఫ్ట్‌వేరు రాశాడు. కంప్యూటరు ముందు కూర్చోగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. పేరు, వీధి, ఫోన్ నంబరు కొడితే గానీ నెట్ రాదు. అందులో అతనికి మహా గర్వమైన సంగతి ఇంకోటుంది. పేరులో నాలుగక్షరాలు కొడితే చాలు, మిగిలినదంతా దానంతటదే వచ్చేస్తుంది. రోజూ వచ్చేవాళ్ళకు వేళ్ళు అరగవు.

సరిగ్గా ఆ గొప్పలు చెప్పుకుంటుండగానే మునిలక్ష్మి వచ్చింది. పక్క వీధిలో ఉండే ఆర్టీసీ డ్రైవర్ మునస్వామి కూతురు. ఇంటర్ అయింది. చిత్తూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు దరఖాస్తు పెట్టుకుని, సీటు వచ్చిందేమోనని నాలుగు రోజులకోసారి వచ్చి చూసి పోతోంది. చున్నీ కొంగుతో కీబోర్డు మీద దుమ్ము తుడిచి, ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి కొట్టింది. ఎం, యు, ఎన్, ఐ.

పెట్టె కింద బారెడు జాబితా దిగింది. మునికృష్ణ, మునిలక్ష్మి, మునిరత్నం, మునిరాజ, మునిశేఖర్. పేరు పక్కన వీధి, వీధి పక్కన ఫోన్ నంబరు. తిరుపతిలో రాయి విసిరితే ఒక మునికి తగులుతుంది. ఆ ముని కోపంతో తిరిగి విసిరితే ఇంకో మునికి తగులుతుంది. పుట్టిన బిడ్డకు మునీశ్వరుడి పేరు పెట్టని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ.

"అన్నా, అందరి నంబర్లూ వస్తాండాయే?" అంది మునిలక్ష్మి.

"అదే గదమ్మే సౌకర్యం. నీ పేరు మింద నొక్కు, అంతే."

ఆమె చూడకూడనిదేదో చూసినట్టు తల కాస్త పక్కకు తిప్పుకుని, తన పేరు మీద నొక్కింది. కాసేపటికి ప్లైవుడ్ అర వెనకనుంచి "అక్కా!" అని ఒక్క కేక. సీటొచ్చింది. హాస్టల్ కూడా ఇచ్చారు. సోమవారం చేరాలి. జ్ఞానాంబ గల్లాపెట్టెలోంచి చాక్లెట్టు తీసి ఆమె చేతిలో పెట్టింది. జయచంద్ర ప్రింటు తీసిచ్చి, సీటు రావడంలో తన సాఫ్ట్‌వేరు పాత్ర కూడా కొంత ఉందన్నట్టు తలాడించాడు.

బకెట్టు నిండి నేలంతా తడిసింది.

*

మరుసటి రోజు సాయంత్రం మునిలక్ష్మి అమ్మ రుక్మిణమ్మ పాలక్యాను చేత్తో పట్టుకుని నెట్ సెంటర్ మెట్లెక్కింది. ఎప్పుడూ లోపలికి రాని మనిషి. గడపలోనే నిలబడి, కంప్యూటర్ల వైపు అవి కరుస్తాయేమోనన్నట్టు చూసింది.

"ఒరే జయా, నిజం చెప్పు నాయనా. మా పిల్ల ఈడ ఎవురితోనైనా మాట్లాడతా ఉన్నిందా?"

"ఎవురితో చిన్నమ్మా? వస్తాది, సీటు సూసుకుంటాది, పోతాది. కీబోర్డును గూడా తుడిచి పెట్టిపోయే పిల్ల."

"మరి ఆ ఫోన్లు యాడినుంచి వస్తాండాయి?" రుక్మిణమ్మ పాలక్యాను కింద పెట్టింది. "నిన్న రాత్రి మీ చిన్నాయన డ్యూటీ దిగి అన్నం ముందర కూర్చోనుండాడు. ఫోను మోగింది. ఎవుడో మగ గొంతు. మునిలక్ష్మి గారు ఉండారా అన్న్యాడంట. ఎందుకు అని ఈయన అడిగినాడు. ఆమెతో ఒక అరగంట ఒంటరిగా మాట్లాడాల అన్న్యాడంట!"

"ఒంటరిగానా!" అంది జ్ఞానాంబ.

"ఇసయం ఏందిరా అంటే, అది ఫోన్లో చెప్పేది గాదు సార్, ఆమె జీవితమే మారిపోతాది అన్న్యాడంట. ఈయన కలిపిన ముద్ద అట్లే వదిలిపెట్టి లేసినాడు. మళ్ళా పొద్దున్న ఇంగోసారి. మధ్యాన్నం ఇంగోసారి. ఇప్పుడు ఫోన్ను తువ్వాల్లో చుట్టి బీరువా మింద పెట్టినాడు. ఆడ గూడా మోగతాది, గొంతు పట్టేసిన కోడి మాదిరిగా."

జయచంద్రకు నవ్వొచ్చింది. రుక్మిణమ్మ ముఖం చూసి మింగేశాడు.

"నీ నంబరు వానికి ఎవురిచ్చినారు మే అని దాన్ని అడిగినాడు. నేనియ్యలేదు నాయనా అనింది. నువ్వియ్యకుండా నీ పేరు వానికెట్ల తెలుస్తాది, నీ పేరు పెట్టి అడుగుతా ఉండాడే అన్న్యాడు. దానికి ఏం జవాబు జెప్తాది? ఇంట్లో ఉంటేనే ఇట్లుంటే హాస్టల్లో పెడితే స్టీరింగు ఎవుని చేతిలో ఉంటాదో, సిత్తూరూ వొద్దు, సీటూ వొద్దు అనేసినాడు."

"పిల్ల ఏమనింది?"

"ఏమీ అనలేదు. ఏడ్సినా బాగుండు. సర్దుకున్న రేకుపెట్టెను మళ్ళా మంచం కిందికి తోసేసింది. కాలితో గాదు. వొంగి, రెండు చేతులతో తోసింది." రుక్మిణమ్మ ఆ తోసిన తీరును చేతులతో చూపించింది. తర్వాత ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియక పాలక్యాను ఎత్తుకుంది.

ఆమె పోయాక జయచంద్ర లెక్క వేసుకున్నాడు. మునిలక్ష్మి పేరు బయటికి పోయింది. ఆమె ఇవ్వలేదు. అంటే ఎక్కడో కారింది.

"ఏదో సాఫ్ట్‌వేరు కారిందక్కా."

"నీది గాదు గదా?"

"అక్కా!" అని అతను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి పెట్టిన తీరు చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. జ్ఞానాంబకు వెయ్యలేదు.

"ఉత్త మాటలొద్దు. ఏది కారతాందో సూపించు. సోమవారం ఇంగెంతో దూరం లేదు."

*

గంగమ్మ జాతర అయిపోయి వారమే అయింది. ఊళ్ళో గోడల మీద ఇంకా జాతరలో జనం కట్టిన వేషాల రంగులు మరకలుగా ఉన్నాయి. జయచంద్రకు ఆలోచన అక్కడినుంచే వచ్చింది.

"వేషాలు కడదామక్కా. ఒక్కో సాఫ్ట్‌వేరుకు ఒక్కో మనిషిని ఇస్తా. లేని మనిషిని. పేరు వేరు, ఈమెయిల్ వేరు. ఫోన్ నంబరు మాత్రం అందరికీ మన గాజుగదిదే. ఎవురైనా ఫోన్ జేసి ఏ పేరు అడిగితే ఆ సాఫ్ట్‌వేరు కారినట్టు. సైకిల్ ట్యూబును నీళ్ళలో ముంచితే బుడగ యాడొస్తే ఆడే గదా పంచరు?"

"వినడానికి బాగానే ఉండాది. అందుకే బయంగా ఉండాది," అంది జ్ఞానాంబ.

కుర్రాళ్ళు రోజంతా వాడే చాటింగ్ సాఫ్ట్‌వేరుకు నవీన అనే అమ్మాయిని పుట్టించాడు. పండగలకు బొమ్మల కార్డులు పంపే సాఫ్ట్‌వేరుకు పంకజాక్షి. ఒక కస్టమరు సీడీలో తెచ్చి ఎక్కించిపోయిన జాతకాల సాఫ్ట్‌వేరుకు కృపామణి.

"కృపామణి జాతకం సూపించుకుంటా ఉందని వాళ్ళ చర్చి ఫాదరుకు తెలిస్తే బాగుండదురా."

"ఆమె లేనేలేదు గదక్కా."

"లేకపోయినా బాగుండదు."

చివరికి తన సాఫ్ట్‌వేరు పెట్టె తెరిచి మునికాంతమ్మ అని కొట్టాడు. కొలత అంటే నికరంగా ఉండాలి, మంచివాణ్ణి కూడా తూకంలో పెట్టాలి అని జ్ఞానాంబకు వివరించాడు. గోడకున్న ప్లైవుడ్ మీద మార్కరుతో నాలుగు గళ్ళు గీశాడు. కారడంలో మూడు రకాలు పెట్టాడు: చుక్కలు, ధార, కుండపోత. తన సాఫ్ట్‌వేరు గడిలో మాత్రం కొలవకముందే సున్నా చుట్టేశాడు. ఎలాగూ వచ్చేది అదే కదా, మళ్ళీ లేచి గోడదాకా పోవడం ఎందుకని.

తర్వాత అసలు పని. కంప్యూటర్లన్నిటి తీగలూ వచ్చి చేరే పెట్టె బల్ల కింద ఉంటుంది. దాని మీద వరసగా చిన్న పచ్చదీపాలు. ఏ తీగలో సమాచారం పోతే ఆ దీపం రెప్ప కొడుతుంది. జయచంద్ర నేల మీద బోర్లా పడుకుని తీగలన్నీ పీకేసి, జాతకాల సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటరుది ఒక్కటే ఉంచాడు.

"ఆ సాఫ్ట్‌వేరుకు నెట్‌తో పని లేదక్కా. పుట్టిన తేదీ ఇస్తే దానంతటదే లెక్కేసుకోవాల. దీపం కొట్టుకోగూడదు. ఇప్పుడు నొక్కు."

జ్ఞానాంబ మౌసును పూజాద్రవ్యంలా రెండు చేతులతో పట్టుకుని 'జాతకం చూడు' అన్నచోట నొక్కింది. పచ్చదీపం చకచకా కొట్టుకుంది.

"పోయింది!" అని బల్ల కిందనుంచి కేక వేసి, తల కొట్టుకున్నాడు జయచంద్ర. "కృపామణి పుట్టిన తేదీ, నక్షత్రం, ఫోన్ నంబరు, అన్నీ పోయినాయి."

"యాడికి?"

"ఎవురికి తెలుసు? మనకు పాస్‌పోర్టు లేదు గాని కృపామణికి ఉండాది."

జ్ఞానాంబ నవ్వలేదు. మౌసు మీద చేతులు తీసేసి చీరకు తుడుచుకుంది. "నేను గూడా దాంట్లో మా అమ్మ తేదీ కొట్టి సూసినానే," అంది మెల్లగా.

మరుసటి రోజుకు ఫలితాలు మొదలయ్యాయి. నవీన పుట్టి ఒక్క పూటే అయినా ఆమెకు ఏదో దేశంలో లాటరీ తగిలింది. బట్టతలకు మందు పంపుతామని ఇంకొకరు రాశారు. పంకజాక్షికి అడక్కుండానే అప్పిస్తామని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. జయచంద్ర ఉత్సాహంగా లేచి ప్లైవుడ్ మీద రాశాడు. చాటింగు, కుండపోత. కార్డులు, ధార. జాతకాలు, ధార. లోకమంతా కారుతోందనీ, తన సున్నా ఒక్కటే గుండ్రంగా, పొడిగా ఉందనీ చూసుకుని మురిసిపోయాడు. కానీ అవన్నీ ఈమెయిళ్ళే. గాజుగదిలో ఫోను మోగలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక మోగింది.

దగ్గరగా ఉన్న జ్ఞానాంబ ఎత్తింది. "ఆ... ఎవురు?... ఏం పేరన్న్యారు?" రిసీవరును చేత్తో మూసి గాజులోంచి జయచంద్ర వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే జయచంద్రకు భయం వేసింది.

"మునికాంతమ్మ గారు కావాలంట," అంది.

జయచంద్ర లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి గాజుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, గొంతు సవరించుకుని, చిన్నప్పటినుంచీ స్నేహితుల ఇళ్ళకు ఫోన్లు చేసి సాధన చేసిన ముసలమ్మ గొంతుతో అన్నాడు:

"ఎవురు నాయనా?"

"గుడ్ ఆఫ్టర్నూన్ మేడం. నా పేరు విజయ్ కుమార్. మీతో ఒక అరగంట ఒంటరిగా మాట్లాడాల మేడం."

"నాతోనా? ఈ వయసులోనా?"

"వయసుతో పని లేదు మేడం. మీ జీవితమే మారిపోతాది."

"ఇసయం ఏందప్పా?"

"ఫోన్లో చెప్పగూడదు మేడం. మా ట్రైనింగులో అట్లే నేర్పించినారు. సబ్బులు, పేస్టులు, ఒంటికి బలం పొడి... అయ్యో, చెప్పేసినానే. మీరు నలుగురిని చేర్పిస్తే, ఆ నలుగురూ ఇంగో నలుగురిని..."

గొలుసు కంపెనీవాడు! జయచంద్ర గాజుకు వీపు ఆనించాడు. మునిలక్ష్మి సీటు పోయింది సబ్బుల కోసమా?

"అది సరే గాని నాయనా, నా నంబరు నీకెట్ల దొరికింది?"

"అది శానా సులువు మేడం. జ్ఞానాంబ నెట్ సెంటర్ ఉండాదే, ఆడికి పోయి కూర్చోని ముని అని కొడితే చాలు, వరసగా పేర్లూ నంబర్లూ వచ్చేస్తాయి. నేను ముని అయిపోతానే వెంకట మొదలుపెడతా. ఎవురు రాసినారో గాని శానా మంచి సాఫ్ట్‌వేరు మేడం. వాని చేతులకు దండం పెట్టాల."

తన పనిని అంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్నవాడు జయచంద్రకు అంతవరకూ తగల్లేదు. గాజు అవతల జ్ఞానాంబ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు కూడా అతని బుర్ర దాని పని అది చేసింది. "రేపు పొద్దున రా నాయనా," అన్నాడు మునికాంతమ్మ. "కొర్లగుంటలో డ్రైవర్ మునస్వామి ఇల్లు యాడ అంటే ఎవురైనా సూపిస్తారు. మావాళ్ళంతా ఉంటారు. సబ్బులు తీసుకొని రా."

అతను బయటికి వచ్చాక జ్ఞానాంబ ఏమీ అడగలేదు. మునికాంతమ్మ పేరు వినబడ్డప్పుడే ఏది కారిందో ఆమెకు తెలిసిపోయింది. "బకెట్టు నిండింది జయా," అంది, అంతే.

అతను బకెట్టు పారబోసి వచ్చాడు. ప్లైవుడ్ మీద సున్నాను అరచేత్తో తుడిస్తే పోలేదు, నల్లగా ఇంకా పెద్దదైంది. కంప్యూటరు ముందు కూర్చుని తాను రాసిన వరసలు తెరిచాడు. నాలుగక్షరాలకే పేర్లు దింపే భాగం నిండా పదిహేను వరసలు కూడా లేవు. అది రాసినరోజు ఆనందంతో అక్కడే లేచి ఈల వేశాడు. వచ్చిన మనిషికి తన పేరొక్కటే కనబడాలని ఆ రోజు తట్టనే లేదు. ఒక్కో వరసా చెరిపేశాడు. ఫ్లాపీలో ఎక్కించుకుని ఒక్కో అరలోకీ పోయి, ఆడుతున్నవాళ్ళను లేపి, అన్నిట్లోనూ మార్చాడు. ముని అని కొట్టి చూశాడు. ఏమీ దిగలేదు. వెంకట అని కొట్టాడు. లేదు. తన పేరే కొట్టాడు. అది కూడా లేదు.

"వాళ్ళింటికి పోయి చెప్పు," అంది జ్ఞానాంబ.

"పోతానక్కా. పొద్దున పోతా."

"ఏం చెప్తావు?"

"జరిగిందే చెప్తా," అన్నాడు. చెప్తున్నప్పుడు గోడ మీది గళ్ళ వైపు చూశాడు. సున్నా గడి వైపు కాదు, దాని పైన ఉన్న జాతకాల గడి వైపు.

*

మునస్వామికి ఆ పూట డ్యూటీ లేదు. నడవలో బల్ల మీద దుప్పటి పరిచి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో స్టీరింగు తిప్పి తిప్పి పెరిగిన చేతులు. ఆ చేతులను చూసే జయచంద్ర దారిలో అనుకున్న మాటలన్నిటినీ ఇంకోసారి సవరించుకున్నాడు. బీరువా మీద తువ్వాల మూట అలాగే ఉంది. వంటింటి గడప దగ్గర మునిలక్ష్మి చేటలో వేరుసెనక్కాయలు వొలుస్తోంది. మంచం కింద రేకుపెట్టె అంచు మెరుస్తోంది.

"రాప్పా జయచంద్రా. కూర్చో."

"చిన్నాయనా, ఆ ఫోన్ల సంగతి కనిపెట్టినాను. మునిలక్ష్మి తప్పేం లేదు. వాడు సబ్బులమ్మేవాడు. గొలుసు కంపెనీ. అందరికీ అదే మాట చెప్తాడు, జీవితం మారిపోతాదని. రెండురోజులు కూర్చోని అన్ని సాఫ్ట్‌వేర్లనూ కొలిచినాను. అన్నీ కారతాండాయి చిన్నాయనా. మన పేర్లు దేశాలు తిరగతాండాయి."

"సబ్బులమ్మేవాడా?" మునస్వామి ఇస్త్రీపెట్టె కాలర్ మీదుగా నడిపించాడు. ముఖం కొద్దిగా విచ్చుకుంది. "మరి పిల్ల పేరు వానికెట్ల దొరికింది?"

ఇక్కడే. ఇక్కడే చెప్పాలి. జయచంద్ర నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చిన మాట అతనికంటే ముందే తయారై కూర్చుంది.

"జాతకాల సాఫ్ట్‌వేరు ఒకటి ఉండాది చిన్నాయనా. అదే కారింది."

మునస్వామి ఇస్త్రీపెట్టెను తీసి రాతిపలక మీద నెమ్మదిగా నిలబెట్టాడు. అంత నెమ్మదిగా నిలబెట్టడం చూసి రుక్మిణమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"జాతకమా?" అన్నాడు. కూతురివైపు తిరిగాడు. "జాతకం సూసుకున్న్యావా మే? ఎవునితో కలిపి సూసుకున్న్యావు?"

చేటలో చేతులు ఆగిపోయాయి. "నేను జాతకం సూసుకోలేదు నాయనా."

"మరి ఈయన కొలిచినా అంటాడే! చదువుకున్నోడు, అబద్ధం జెప్తాడా?"

మునిలక్ష్మి తండ్రి వైపు చూడలేదు. జయచంద్ర వైపు చూసింది. అడిగే చూపు కాదు. 'అన్నా, అందరి నంబర్లూ వస్తాండాయే' అన్న రోజున చూసిన చూపే. ఒక అబద్ధంతో తన సాఫ్ట్‌వేరును కాపాడుకున్నాడు. ఆ అబద్ధం నేరుగా పోయి ఈ పిల్ల మెడకు చుట్టుకుంది. ఇక చెప్పేద్దామని లేచి నిలబడ్డాడు. ఒక్క నిమిషం ముందు లేచి ఉంటే వీరుడయ్యేవాడు.

"గుడ్ మార్నింగ్ సార్!"

గుమ్మంలో కుర్రవాడు. మే నెల ఎండలో మెడకు టై, భుజాన నల్లసంచి, ముఖమంతా చెమట. "మునస్వామి గారిల్లు ఇదేనా సార్? ఒక అరగంట టైమిచ్చినారంటే మీ జీవితమే మారిపోతాది."

ఆ గొంతు వినగానే మునస్వామి రెండంగల్లో గుమ్మం చేరాడు. టైని పట్టుకున్నాడు. లాగలేదు, గేరు మీద చెయ్యి వేసినట్టు పట్టుకున్నాడంతే. "నువ్వేనా? మా పిల్లతో ఒంటరిగా మాట్లాడాల అనింది నువ్వేనా?"

"ఏ పిల్ల సార్? నేను అందర్నీ ఒంటరిగానే అడగతా సార్! మా ట్రైనింగే అంత సార్! ఇంటిపక్కాయన్ని, వాళ్ళ నాయన్ను, మా వార్డు కౌన్సిలర్ను, అందర్నీ ఒంటరిగా అడిగినా సార్! కావాలంటే సబ్బు సూడండి!"

సంచిలోంచి సబ్బులు నేల మీద దొర్లాయి. పేస్టు ట్యూబులు, పొడి డబ్బా, పళ్ళు ఇకిలిస్తున్న కుటుంబం బొమ్మతో ఒక కాగితం. మునస్వామి వాటిని చూశాడు. టై వదిలాడు.

"మునిలక్ష్మి పేరు నీకు యాడ దొరికింది? నిజం చెప్పు. జాతకాల్లోనా?"

"జాతకాలు నాకెందుకు సార్? జ్ఞానాంబ నెట్ సెంటర్లో ముని అని కొడితే అన్నీ వస్తాయి గదా? మునికృష్ణ, మునిరత్నం, మునిలక్ష్మి... వరసగా చేస్తా ఉండా. కావాలంటే పోయి కొట్టి సూడండి."

"ఇప్పుడు కొడితే రావు," అన్నాడు జయచంద్ర.

అందరూ అతని వైపు తిరిగారు. అప్పుడు తెలిసింది అతనికి, తాను పైకే అన్నానని.

"ఎందుకు రావు?" అంది మునిలక్ష్మి.

"నిన్న తీసేసినాను." జయచంద్ర మునస్వామి వైపు తిరిగాడు. "నేనే పెట్టినాను, నేనే తీసేసినాను. ఆ సాఫ్ట్‌వేరు రాసింది నేను చిన్నాయనా. అందరి నంబర్లూ వస్తాండాయే అని మునిలక్ష్మి అప్పుడే అనింది. నేనే వినలేదు. జాతకం మాట అబద్ధం. పిల్ల దాన్ని ముట్టుకోను గూడా లేదు. నా పేరు పోతాదని చెప్పినాను."

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చిటపటమన్నాయి. జయచంద్ర మునస్వామి చేతులకేసి చూస్తూ, చెంపను మానసికంగా సిద్ధం చేసుకున్నాడు.

మునస్వామి కొట్టలేదు. బల్ల దగ్గరికి పోయి చొక్కాను మడతపెట్టాడు. మడత సరిగా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టాడు.

"బ్రేకు పట్టకపోతే బండిని గదా సూడాల," అన్నాడు, చొక్కాతో మాట్లాడుతున్నట్టు. "నేను ప్యాసింజరును దించేసినాను."

కాసేపటికి తల తిప్పకుండానే, "మే, ఆ పెట్టె బయటికి లాగు. సోమవారం డ్యూటీ మార్పించుకుంటా. సిత్తూర్లో నేనే దించి, హాస్టల్ సూసి వస్తా. వొద్దంటావా?"

"వొద్దనను నాయనా," అంది మునిలక్ష్మి. చేట పక్కన పెట్టి, ఒళ్ళో రాలిన పొట్టు దులుపుకుని, మంచం కిందికి వొంగింది. రేకుపెట్టె గచ్చు మీద కర్రుమంటూ బయటికి వచ్చింది. ఆ చప్పుడు అంత బాగుంటుందని జయచంద్ర ఎన్నడూ అనుకోలేదు. గుండెల్లో ఏదో పెద్ద బకెట్టు ఖాళీ చేసినట్టయింది.

పెట్టె మీద చెయ్యి ఉంచే ఆమె అంది: "నాకొక్కదానికి చెప్తే సరిపోదన్నా. దాంట్లో ఉండే అందరికీ చెప్పాల. మునికృష్ణకు, మునిరత్నానికి. ఇంగా ఎంతమంది ఇండ్లల్లో ఫోన్లు తువ్వాల్లో చుట్టి పెట్టుండారో."

"చెప్తా మే. వెంకటలకు గూడా చెప్తా."

"ఇంటింటికీ పోయి చెప్పు. ఫోన్లో గాదు," అన్నాడు మునస్వామి. "ఫోన్లో నీ మాట ఎవురు నమ్ముతారు?" అని బీరువా మీది మూట దించి, తువ్వాల విప్పి, ఫోన్ను దాని స్థానంలో పెట్టాడు. తువ్వాలను విజయ్ కుమార్‌కు విసిరాడు. "ముఖం తుడుచుకోప్పా. ఆ టై తీసెయ్యి, సూస్తాంటేనే నాకు ఊపిరాడ్డం లేదు."

రుక్మిణమ్మ నేల మీది సబ్బులేరి ఒక్కోటీ వాసన చూస్తోంది. "ఇది హాస్టలుకు బాగుంటాది," అని ఒకదాన్ని పెట్టెలో వేసింది. బేరం కుదిరిందని విజయ్ కుమార్ ముఖం వెలిగింది. రుక్మిణమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు అందుకుని గటగటా తాగి, నలుగురి ముఖాలూ ఒకసారి లెక్కచూసుకున్నాడు.

"అంతా బాగుండాది గాని సార్, నన్ను ఈడికి రమ్మనింది మునికాంతమ్మ మేడం. శానా మంచి మనిషి. నా మాట మొత్తం విన్న్యది ఆమె ఒక్కతే. ఒక దండం పెట్టి పోతా. యాడుండారు?"

మునస్వామి రుక్మిణమ్మ వైపు చూశాడు. రుక్మిణమ్మ మునిలక్ష్మి వైపు చూసింది. ఆ ఇంట్లో మునికాంతమ్మ ఎవరూ లేరు. ముగ్గురి చూపులూ అటు తిరిగి ఇటు తిరిగి, గుమ్మం దాటడానికి మెల్లగా చెప్పులు వెతుక్కుంటున్న జయచంద్ర మీద ఆగాయి.

జయచంద్ర చెప్పు వదిలేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేనే నాయనా," అన్నాడు ముసలమ్మ గొంతుతో.